వదిలిన చెయ్యి

స్కూలు బస్సు కాలువలో పడిన రోజు నుంచి అఫ్జల్ వాళ్ల నాన్నతో మాట్లాడలేదు.

మొదట్లో ఇంట్లో ఎవరూ అది పట్టించుకోలేదు. పదకొండేళ్ల పిల్లవాడు, నీళ్లలో నుంచి బయటపడ్డాడు, బెదిరి ఉంటాడు, కొన్నాళ్లు పోతే వాడే సర్దుకుంటాడనుకున్నారు. పైగా అప్పుడు రేపల్లెలో వాళ్లింటికి వచ్చిపోయే జనం తక్కువేం కాదు. ఆ బస్సు నడిపింది అఫ్జల్ తండ్రి జానీ బాషా. వానలకు నానిన కాలువ గట్టు కుంగి, బస్సు పక్కకు ఒరిగి నీళ్లలోకి జారిపోతే, వెనక అద్దం పగలగొట్టి లోపలున్న పిల్లల్ని ఒక్కొక్కరినే బయటికి లాగింది కూడా అతనే. ఒక్క పిల్ల ప్రాణం కూడా పోలేదు. అందరి తరవాత, ఆఖర్న, తన కొడుకుని తీశాడు.

"సొంత కొడుకుని ఆఖర్న తీశాడయ్యా! ఎవరికుంటుంది ఆ గుండె?" అని బజారంతా చెప్పుకున్నారు. పేపర్లో ఫొటో వేశారు. ఎవరు అడిగినా జానీ బాషా ఒకే మాట చెప్పేవాడు. "పిల్లలందరూ నన్ను నమ్మి ఎక్కినోళ్లండి. మావోడు ఎక్కడికి పోతాడు?"

ఆ మాట వినబడగానే అఫ్జల్ లేచి పెరట్లోకి వెళ్లిపోయేవాడు.

తల్లి సుల్తాన్ బీ ఇంట్లో మిషను కుడుతుంది. కుడుతూనే అన్నీ చూసింది. తండ్రి అన్నానికి కూర్చుంటే కొడుకు కంచం వదిలేసి లేస్తున్నాడు. ఎప్పుడో మానేసినవాడు మళ్లీ నిద్రలో పక్క తడుపుతున్నాడు. బస్సు, ఆటో, చివరికి పక్కింటివాళ్ల స్కూటరు కూడా ఎక్కనంటున్నాడు. బడి మానేశాడు. ఏమైందిరా అంటే గోడవైపు తిరిగి పడుకుంటాడు.

తెనాలి మారీసుపేటలో పిల్లలకూ, వాళ్ల తల్లిదండ్రులకూ ఉచితంగా కౌన్సెలింగ్ ఇస్తున్నారని వీధిలో అంగన్‌వాడీ టీచరు చెప్పింది. "వాడికేం పిచ్చి పట్టిందా, అలాంటి చోట్లకి తిప్పడానికి?" అని జానీ బాషా కసిరాడు. సుల్తాన్ బీ మర్నాడు పొద్దున్నే కొడుకుని తీసుకుని స్టేషనుకు వెళ్లింది. రైలు పెట్టె ముందు అఫ్జల్ చాలాసేపు నిలబడ్డాడు.

"ఇది పక్కకి పోదుగా అమ్మా?"

"పట్టాలు వదిలి ఎక్కడికి పోతుందిరా?"

ఎక్కాడు. తెనాలి వచ్చేదాకా తల్లి కొంగు వదల్లేదు.

*

ఆ కౌన్సెలింగ్ కేంద్రం అంటే ఒక పాత మేడ మీద రెండు గదులు. రిటైరైన టీచర్లు కొందరు కలిసి పెట్టారు. ఒక గదిలో పెద్దవాళ్లు కూర్చోవడానికి బెంచీలు, రెండో గదిలో చాప, బొమ్మలు, ఒక క్యారమ్స్ బోర్డు. అక్కడ పిల్లలతో మాట్లాడేది లిడియా. ముప్పై దాటిన మనిషి. తొందరపడి మాట్లాడదు. పిల్లలు తనను అక్కా అని పిలిస్తేనే ఆమెకు ఇష్టం.

మొదటి మూడు వారాలూ అఫ్జల్ నోరు తెరవలేదు. లిడియా కూడా బస్సు ఊసెత్తలేదు. ఇద్దరూ క్యారమ్స్ ఆడారు. వాడి గురి మంచిది. ఎర్ర పిక్క వాడే వేసేవాడు. బయటి గదిలో సుల్తాన్ బీ తస్బీ పూసలు తిప్పుకుంటూ తలుపువైపు చూస్తూ కూర్చునేది.

నాలుగో వారం, స్ట్రైకరు గీత మీద పెట్టి, కొట్టకుండా అలాగే వేలు ఆనించి ఉంచాడు అఫ్జల్.

"నాన్న ముందు నా చెయ్యే పట్టుకున్నాడు."

లిడియా కదలకుండా వింది.

"వెనకద్దం దగ్గర నేనే ముందున్నా. నాన్న వంగి నా చెయ్యి పట్టుకున్నాడు. నా మొహం చూశాడు. చూసి వదిలేశాడు. నా పక్కన శ్రీవల్లి ఉంది, మా క్లాసే. దాన్ని పట్టుకున్నాడు."

"నీకప్పుడు ఏమనిపించింది?"

వాడు స్ట్రైకరుని అటూ ఇటూ జరిపాడు. "ఇంకోటుంది. చెబితే మీరు అమ్మతో చెప్తారు."

"నీకు గానీ ఇంకొకళ్లకి గానీ ప్రమాదం అనిపిస్తే మాత్రం నేను చెప్పాల్సిందే. అది ముందే చెప్తున్నా. అలాంటిదేం కాకపోతే నువ్వు సరేనన్నదాకా ఎవరితోనూ అనను."

"ప్రమాదమేం లేదు. అయిపోయిందిగా." వాడి గొంతు బాగా తగ్గిపోయింది. "శ్రీవల్లిని నాన్న పైకి లాగుతుంటే నేను దాని జడ పట్టుకుని కిందికి లాగా. అది మునిగింది. నీళ్లు తాగింది. నేను వదల్లా."

"మునిగిపోతున్నప్పుడు చేతికి ఏది తగిలితే అది పట్టుకుంటాం అఫ్జల్. పెద్దవాళ్లయినా అంతే."

"కాదక్కా." వాడు మొదటిసారి ఆమె కళ్లలోకి చూశాడు. "కావాలనే లాగా. అది పోతే నన్ను తీస్తాడని. నాన్న చూసి ఉంటాడు. అందుకే నన్ను ఆఖర్న తీశాడు. ఎవరికీ చెప్పొద్దక్కా. అమ్మకి చెప్పొద్దు."

ఆ రోజు వాళ్లు వెళ్లిపోయాక లిడియా చాప మీద పిక్కలు ఏరుతూ అదే ఆలోచించింది. తండ్రి చెయ్యి వదిలేశాడన్న బాధ వేరు. దానికింద వీడు మోస్తున్నది వేరు. నేను చెడ్డవాణ్ణి, మా నాన్నకి ఆ సంగతి తెలుసు అని ఆ పసివాడు తీర్మానించుకున్నాడు. ఆ ముడి విప్పగలిగింది ఆ తండ్రి ఒక్కడే. అతనేమో ఇంతవరకు ఈ మెట్లు ఎక్కలేదు.

*

జానీ బాషా తరవాతి వారం తనంతట తానే వచ్చాడు. పొడుగాటి మనిషి. ఇస్త్రీ చేసిన చొక్కా. కుర్చీ చూపించినా అంచునే కూర్చున్నాడు.

"ఆదివారం బాపట్లలో నాకు సన్మానం పెట్టారండి. బసవేశ్వరరావు గారని, రైసు మిల్లు వాళ్లు. అఫ్జల్‌ని కూడా స్టేజీ మీదికి తీసుకురమ్మన్నారు. నేను కాపాడిన పిల్లలతో పాటు వాడూ ఉంటే బాగుంటుందంటున్నారు. వాడు నా మాట వినట్లేదు. మీరొక మాట చెబితే వింటాడు."

"వాణ్ణి అక్కడికి తీసుకెళ్లొద్దండి బాషా గారూ."

"ఎందుకని?"

"ఇప్పుడే వాడు దానికి తట్టుకోలేడు."

"మీకేం చెప్పాడు?"

"అది నేను చెప్పకూడదండి."

"నేను వాడి తండ్రినమ్మా."

"తెలుసండి. అందుకే అడుగుతున్నా. మీరిద్దరూ ఈ గదిలో కూర్చోండి. నేనూ ఉంటాను. బస్సులో ఏం జరిగిందో వాణ్ణే చెప్పనివ్వండి. మీరు వినండి, చాలు."

జానీ బాషా మొహంలో రంగు మారింది. కోపం వస్తుందని లిడియా అనుకుంది. వచ్చింది కోపం కాదు. ఎవరో వెనక నుంచి పిలిచినట్టు ఉలిక్కిపడ్డాడు.

"బస్సులో ఏం జరిగిందో అందరికీ తెలుసు," అంటూ లేచాడు. "పేపర్లో కూడా వచ్చింది. కొత్తగా వినాల్సిందేం లేదు. ఇన్నాళ్లూ మావోణ్ణి చూశారు, సంతోషం. ఇంక పంపించను."

"బాషా గారూ, ఒక్క నిమిషం..."

మెట్లు దిగిపోతున్న చప్పుడు వినబడింది. లిడియా కిటికీ దగ్గరికి వెళ్లి చూసింది. అతను వీధిలోకి దిగి, ఎటు వెళ్లాలో తెలియనట్టు కాసేపు నిలబడి, అరచేత్తో మొహం తుడుచుకుని, స్టేషను వైపు నడిచాడు.

ఆ సాయంత్రం ఆమె సుల్తాన్ బీకి ఫోన్ చేసింది. "అక్కా, ఎలాగైనా ఆదివారం వాణ్ణి ఇంట్లోనే ఉంచు."

"నా చేతిలో ఏముందమ్మా? పెద్దోళ్లు పిలిచారు, కాదంటే బాగోదంటున్నాడు మా ఆయన. నేను వాడి పక్కనే ఉంటాలే."

*

ఆదివారం మధ్యాహ్నం, ఎవరూ పిలవకపోయినా, లిడియా తెనాలిలో రైలెక్కి బాపట్ల వెళ్లింది. స్టేషనుకు దగ్గర్లోనే ఒక కల్యాణ మండపంలో సభ. ఆమె వెళ్లేసరికే కుర్చీలన్నీ నిండాయి. గోడ పక్కన నిలబడి ముందు వరస చూసింది. కొత్త గళ్ల చొక్కాలో అఫ్జల్, పక్కన నల్ల బురఖాలో సుల్తాన్ బీ. స్టేజీ మెట్ల దగ్గర బస్సులో ఉన్న పిల్లలు కొందరు వరసగా నిలబడ్డారు. వాళ్లలో పట్టులంగా కట్టుకున్న పిల్ల చేతిలో పూలదండ పట్టుకుని ఉంది. రెండు జడలు నడుం దాకా వేలాడుతున్నాయి. అఫ్జల్ ఆ పిల్లనే చూస్తున్నాడు. అది శ్రీవల్లి అని లిడియాకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

బసవేశ్వరరావు మంచివాడే. మైకు దొరికితే మాత్రం వదలడు. "మన జిల్లాలో ఇలాంటి మనిషి ఉండటం మన అదృష్టం! కన్నకొడుకు కళ్లముందు కొట్టుకుంటుంటే, పరాయి పిల్లల్ని ముందు తీశాడు!" చప్పట్లు మోగాయి. "ఆ త్యాగం మనలో ఎవరు చెయ్యగలరు?" మళ్లీ చప్పట్లు. శాలువా కప్పారు. శ్రీవల్లి దండ వేసింది. శ్రీవల్లి తల్లి రాజరాజేశ్వరి మాట్లాడబోయి, ఏడుపు ఆపుకోలేక జానీ బాషాకి రెండు చేతులూ జోడించి దిగిపోయింది.

లిడియా జనం మధ్యలోంచి ముందుకు జరగడానికి చూసింది. ఫొటోలు తీసేవాళ్లు అడ్డం నిలబడ్డారు. జానీ బాషా మైకు ముందుకొచ్చాడు. గొంతు సవరించుకున్నాడు.

"నాకు పెద్దగా మాట్లాడటం రాదండి. పిల్లలందరూ నన్ను నమ్మి ఎక్కినోళ్లు. మావోడు ఎక్కడికి పోతాడు..."

"ఆ అబ్బాయిని కూడా పైకి పిలుద్దాం!" అన్నాడు బసవేశ్వరరావు. "అఫ్జల్! రా నాన్నా!"

అందరూ ముందు వరస వైపు తిరిగారు. సుల్తాన్ బీ పక్క కుర్చీ ఖాళీగా ఉంది.

"ఇప్పుడే... బాత్రూమ్‌కని వెళ్లాడండి," అంది ఆమె లేచి నిలబడి.

బాత్రూముల్లో లేడు. వంటశాలలో లేడు. చెప్పులు విడిచిన చోట వాడి చెప్పులు కూడా లేవు. సభలో గుసగుసలు మొదలయ్యాయి. లిడియా నేరుగా శ్రీవల్లి దగ్గరికి వెళ్లి కింద కూర్చుంది.

"అఫ్జల్ నీతో ఏమన్నా మాట్లాడాడా తల్లీ?"

"ఇందాక నేను స్టేజీ దిగినప్పుడు వచ్చాడు. సారీ అన్నాడు. ఎందుకు అన్నా. మళ్లీ సారీ అని, ఇంక కనపడనులే అన్నాడు."

లిడియా లేచేసరికి ఎదురుగా జానీ బాషా ఉన్నాడు. శాలువా ఇంకా భుజం మీదే ఉంది. ఆ మాట అతనూ విన్నాడు.

"ఎక్కడికి పోయుంటాడమ్మా?" అంది సుల్తాన్ బీ. "ఆటో ఎక్కడు, బస్సు ఎక్కడు. రైలు తప్ప..."

ముగ్గురూ స్టేషనుకు పరుగెత్తారు. ప్లాట్‌ఫారం మీద పెద్ద జనం లేరు. టీ కొట్టతను చెప్పాడు. "గళ్ల చొక్కా పిల్లోడా? తెనాలి ఎటువైపండీ అని అడిగాడు. అటు అని చూపించా. రైలు ఇప్పట్లో లేదురా అన్నా. ప్లాట్‌ఫారం చివరిదాకా నడుచుకుంటా పోయాడు. తరవాత చూడలేదండి."

"ఇదిగో," అన్నాడు జానీ బాషా భార్యతో, "నువ్విక్కడే ఉండు. వెనక్కొస్తే పట్టుకో. స్టేషను మాస్టారుకి చెప్పు, పట్టాల మీద పిల్లోడున్నాడని." అప్పటికే పరుగు మొదలుపెట్టాడు. లిడియా చెప్పులు చేత్తో పట్టుకుని అతని వెంట దిగింది.

*

ప్లాట్‌ఫారం అయిపోయాక కంకర రాళ్లు. అప్పికట్ల వైపు పట్టాలు తిన్నగా సాగిపోతున్నాయి. రెండు పక్కలా వరి చేలు, తుమ్మ చెట్లు. ఎండ వాలుతోంది. కనుచూపు మేరలో ఎవరూ లేరు.

"వాడు మీకేం చెప్పాడు?" పరుగెడుతూనే అడిగాడు జానీ బాషా. "ఇప్పుడన్నా చెప్పండి!"

ఇప్పుడు దాచకూడదు. ఆ సంగతి వాడితో ముందే అంది కూడా. అయినా ఆ మాట నోటి దాకా రావడానికి లిడియాకి కష్టమైంది.

"మీరు వాడి చెయ్యి పట్టుకుని, మొహం చూసి, వదిలేశారన్నాడు."

జానీ బాషా ఆగిపోయాడు. రొప్పుతూ మోకాళ్ల మీద చేతులు ఆనించుకున్నాడు. శాలువా జారి రాళ్లమీద పడింది. తీయలేదు.

"జడ సంగతి కూడా చెప్పాడా?"

లిడియా చూపు పట్టాల మీదికి తిప్పుకుంది.

"చెప్పాడన్నమాట." కళ్లు మూసుకున్నాడు. "నేను చూశానమ్మా. ఆ వేళ్లు ఒక్కొక్కటే విడదీసింది నేనే. ఈ సంగతి నాతోనే పోవాలనుకున్నా. బయటికి తెలిస్తే వాణ్ణి ఏమంటారు? ఆ పిల్ల తల్లి ఏమంటుంది? అందుకే ఎవరడిగినా ఆ ఒక్క మాటే చెప్పి ఊరుకుంటున్నా. వాడు మర్చిపోయుంటాడనుకున్నా."

"మర్చిపోలేదండి. మీరు చూశారని వాడికి అనుమానం. అందుకే కావాలని ఆఖర్న తీశారనుకుంటున్నాడు."

అతని నోటి నుంచి ఒక శబ్దం వచ్చింది. ఏడుపో, కేకో తెలియలేదు. మళ్లీ పరుగు అందుకున్నాడు.

పట్టాలు కొంచెం వంపు తిరిగే చోట కనబడ్డాడు. అవతలి పట్టాలకు ఆవలి పక్క, కంకర అంచున, తల వంచుకుని నడుస్తున్న చిన్న మనిషి. గళ్ల చొక్కా.

"అఫ్జల్!"

వాడు వెనక్కి తిరిగాడు. తండ్రిని చూసి నిలబడిపోయాడు. తరవాత ఇంకా వేగంగా నడవడం మొదలుపెట్టాడు.

అప్పుడే హారన్ మోగింది. వెనక నుంచి గూడ్సు బండి వస్తోంది. వాళ్లకూ పిల్లవాడికీ మధ్య ఉన్న పట్టాల మీదే.

"అఫ్జల్! ఆగరా!" జానీ బాషా పట్టాల వైపు ఉరికాడు.

లిడియా అతని చొక్కా వెనక నుంచి రెండు చేతులా పట్టుకుంది. చొక్కా చిరిగింది. చెయ్యి దొరకబుచ్చుకుని పాదాలు కంకరలో తన్నిపెట్టి బలమంతా పెట్టి లాగింది. అతను విదిలించుకున్నాడు. ఆమె మోకాళ్ల మీద పడింది, వదల్లేదు. "వద్దు బాషా గారూ! వాడు పక్కనే ఉన్నాడు, పట్టాల మీద లేడు! మీరు వెళ్తే వాడు మీ కోసం అడ్డం వస్తాడు! వద్దు!"

ఇంజను వాళ్ల ముందు నుంచి దూసుకుపోయింది. గాలికి దుమ్ము కళ్లలో పడింది. పెట్టె తరవాత పెట్టె. చక్రాల సందుల్లోంచి అవతల ఏమీ కనబడలేదు. జానీ బాషా కొడుకు పేరు పిలుస్తూనే ఉన్నాడు. ఆ మోతలో అది లిడియాకే వినబడలేదు, పెదవులు కదలడం మాత్రం కనబడింది. ఆ బండి ఎంతకీ అయిపోలేదు. అవతల గళ్ల చొక్కా నిలబడి ఉంటుందా, కదిలి ఉంటుందా, ఏ వైపుకి కదిలి ఉంటుంది... ఆమె ఆలోచించడం మానేసి అతని చెయ్యి మాత్రం పట్టుకుని ఉంది.

ఆఖరి పెట్టె వెళ్లిపోయింది.

అఫ్జల్ అవతల గట్టు వాలులో కూర్చుని ఉన్నాడు. మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఒళ్లంతా వణికిపోతున్నాడు.

జానీ బాషా అటూ ఇటూ చూసి పట్టాలు దాటాడు. కొడుకు ముందు కూర్చున్నాడు. చేతులు చాచబోయాడు. వాడు వెనక్కి జరిగాడు.

"ఎక్కడికి పోతున్నావురా?"

"ఇంటికి." ఎన్నో వారాల తరవాత తండ్రితో వాడు అన్న మొదటి మాట అది. "అక్కడ ఉండను. అందరూ చప్పట్లు కొడుతున్నారు."

లిడియా కొంచెం దూరంగా కూర్చుంది. ఆమె పాదాలు రక్తమోడుతున్నాయి. జానీ బాషా ఆమెకేసి చూశాడు, ఏం చెప్పాలో అందించమన్నట్టు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"అఫ్జల్," అన్నాడతను. "నువ్వు జడ పట్టుకోవడం నేను చూశా."

వాడు బెదిరిపోయి చూశాడు. లేచి పారిపోయేలా ఉన్నాడు.

"విను. నీ వేళ్లు తీసింది నేనే. కానీ అది తరవాత. ముందు నీ చెయ్యి నేను వదిలా. వదిలాకే నువ్వు దాన్ని పట్టుకున్నావ్. నేను వదలకపోతే నువ్వు పట్టుకునేవాడివే కాదు."

"నువ్వెందుకు వదిలావ్?"

జానీ బాషా పెదవులు తడుపుకున్నాడు. "ఆ పిల్ల మునిగిపోతోందని వదిలానని చెప్పొచ్చు. అది నిజం కాదు. అప్పటికి అది మునగలేదు. ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారు. నీ మొహం కనపడింది. నువ్వేనని తెలిసింది. ముందు నా కొడుకుని తీసుకుంటే, తరవాత ఎవరికన్నా ఏమన్నా అయితే, ఊళ్లో ఏం మొహం పెట్టుకుని తిరగాలి అనిపించింది. ఒక్క క్షణం. అంతే. నువ్వని తెలిసే వదిలా."

అఫ్జల్ తండ్రి మొహంలోకే చూస్తున్నాడు.

"మరి ఆఖర్న?"

"తరవాత నీకోసం చెయ్యి పెట్టిన ప్రతిసారీ ఇంకెవరో దొరికారు. నువ్వు లోపలికి జారిపోయావ్. కనపడలా. నీకు శిక్ష వెయ్యడానికి కాదురా. నువ్వు కనపడక నాకు ప్రాణాలు పోయినయ్. బయట అందరితో గొప్పగా చెప్తున్నాగా, మావోడు ఎక్కడికి పోతాడని. అప్పుడు నాకు అలా అనిపించలేదు. నువ్వు పోయావనే అనుకున్నా."

వాడు ఒక్కసారిగా తండ్రి మీద పడ్డాడు. కౌగిలించుకోవడానికి కాదు. రెండు పిడికిళ్లతో గుండెల మీద, భుజాల మీద, చెంపల మీద కొట్టాడు. "ఎందుకు వదిలావ్? ఎందుకు వదిలావ్?" అని ఊపిరి ఆడక దగ్గొచ్చేదాకా కొట్టాడు. జానీ బాషా చేతులు కిందే ఉంచుకున్నాడు. లిడియా లేవబోయి ఆగిపోయింది.

చివరికి వాడే అలిసిపోయాడు. తండ్రికి ఎడంగా కూర్చుని ముక్కు చీదుకున్నాడు. స్టేషను వైపు నుంచి రైల్వే మనుషులు ఇద్దరు, వెనకే బురఖా ఎత్తి పట్టుకుని సుల్తాన్ బీ, పరుగెత్తుకుంటూ రావడం కనబడింది.

*

సన్మానం మధ్యలో ఆగిపోయింది. బాపట్లలోనూ, రేపల్లెలోనూ రకరకాలుగా చెప్పుకున్నారు. పిల్లవాడికి గాలి సోకిందన్నారు కొందరు. బసవేశ్వరరావు ఇంకో తేదీ పెడదామని ఫోన్ చేస్తే జానీ బాషా వద్దండి అన్నాడు. ఎందుకని అడిగితే, "నాకు ఆ మాట మళ్లీ చెప్పబుద్ధి కావట్లేదండి," అన్నాడు.

ముగ్గురూ కలిసి తెనాలి రావడం మొదలుపెట్టారు. అన్నీ వెంటనే బాగైపోలేదు. ఒక్కోసారి జానీ బాషా విసుక్కునేవాడు. "ఎన్నిసార్లమ్మా ఒకటే అడుగుతాడు? చెప్పానుగా." లిడియా మొహమాటం లేకుండా చెప్పింది. "వాడు అడిగినన్నిసార్లూ చెప్పాలండి. మొదటిసారి చెప్పినట్టే." అతను లేచి మెట్ల దాకా వెళ్లి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

శ్రీవల్లికి తనే చెప్పాలని అఫ్జల్ పట్టుబట్టాడు. ముందు వాళ్లమ్మకి చెబుదామని లిడియా ఒప్పించింది. రాజరాజేశ్వరిని పిలిపించి, జానీ బాషా దంపతుల ముందే, వాడి అనుమతితో అంతా చెప్పింది. రాజరాజేశ్వరి మొహం గట్టిపడిపోయింది.

"మా పిల్ల రోజూ కల్లో జుట్టు పట్టుకుని ఎవరో లాగుతున్నారని అరుస్తోంది," అంది. "దెయ్యమేమోనని తాయెత్తు కట్టించా. ఇదా సంగతి?" జానీ బాషా లేచి ఏదో అనబోతే చేత్తో ఆపి వెళ్లిపోయింది. ఆ రోజు లిడియా తప్పు చేశానా అని రాత్రంతా నలిగిపోయింది. చాలా రోజులు గడిచాక ఒక సోమవారం రాజరాజేశ్వరి కూతుర్ని వెంటబెట్టుకుని మెట్లెక్కి వచ్చింది. "వాళ్లు వచ్చే రోజు కాకుండా ఇంకో రోజు చూడండమ్మా," అంది. లిడియా చాప పరిచింది.

అఫ్జల్ ఇంకా బస్సెక్కడం లేదు. నడిచి వెళ్లగలిగిన బడికి మార్చారు. నిద్ర కాస్త నయం.

ఆ మధ్య ఒకరోజు మధ్యాహ్నం రేపల్లెలో వాళ్లింట్లో జానీ బాషా అన్నానికి కూర్చున్నాడు. సుల్తాన్ బీ పప్పుచారు వడ్డిస్తోంది. అఫ్జల్ తన కంచం తెచ్చుకుని తండ్రికి ఎదురుగా పెట్టుకున్నాడు. రెండు ముద్దలు తిన్నాడు.

"నాన్నా, నీళ్లలో అది నా చెయ్యని నీకు తెలిసిందా? మొహం చూడకముందు."

జానీ బాషా చెయ్యి కంచంలో ఆగిపోయింది. సుల్తాన్ బీ గరిట పట్టుకుని అలాగే నిలబడింది. అతను లేస్తాడేమో అనుకుంది. లేవలేదు.

"ముందు తెలీదు," అన్నాడు. "పట్టుకున్నాక తెలిసింది. చిన్నప్పుడు పట్టుకుని నడిపించిన చెయ్యేగా."

వాడు తల ఊపాడు. ఇంకో ముద్ద కలుపుకుంటూ, "మరి అప్పుడు లోపల నేను అరిచింది నీకు వినపడిందా?" అని అడిగాడు.

జానీ బాషా వినపడిందని చెప్పాడు. ఆ మధ్యాహ్నం వాడు ఇంకా చాలా అడిగాడు. అతను అన్నీ చెప్పాడు. కంచాల్లో అన్నం ఎండిపోయింది.